ఔట్‌బోర్డు మోటారుకు రెక్కలు: ఏ పడవకు లాభం, ఏ పడవకు దండుగ?

తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు వేట నిషేధం అమలులో ఉంటుంది. మరపడవలు, మోటారు పడవలు గట్టున ఉండే ఆ రెండు నెలలే సామాను వర్తకులకు సీజను. వలలు, తాళ్లు, రంగులు, ఇంజను విడిభాగాలు ఎక్కువగా కదిలేది అప్పుడే. చేతిలో రొక్కం లేని పడవ యజమాని సరుకును ఖాతాకు రాయించుకుంటాడు. వేట మొదలయ్యాక చేపలు వేసి బాకీ తీరుస్తాడు.

ఇలా ఖాతాకు ఎక్కగల సరుకులలో ఔట్‌బోర్డు మోటారుకు బిగించే హైడ్రోఫాయిల్ రెక్క ఒకటి. ఇది పడవను తేలిక చేస్తుందని, వేగం పెంచుతుందని, ఇంధనం ఆదా చేస్తుందని ప్రచారం ఉన్నది. ఈ మూడూ కొన్ని పడవల విషయంలో నిజమే. అయితే మన తీరాన వేటకు పోయే పడవలలో అధిక భాగానికి ఈ మూడింటిలో ఒక్కటీ వర్తించదు. సరుకు తెప్పించే వర్తకుడు, పడవకు మదుపు పెట్టే షావుకారు ఈ తేడాను ముందుగా గ్రహించడం మంచిది.

పేరు పెద్దది, పని వేరు

హైడ్రోఫాయిల్ అంటే నీటిలో పనిచేసే రెక్క. గాలిలో విమానపు రెక్క ఎలా పైకి లేపుతుందో, నీటిలో ఇది అలాగే లేపుతుంది. ఇటలీకి చెందిన ఎన్రికో ఫోర్లానినీ 1906లో మజ్జోరే సరస్సుపై ఇటువంటి రెక్కల పడవను నడిపి చూపాడు. టెలిఫోను సృష్టికర్త గ్రాహంబెల్ బృందం తయారుచేసిన హెచ్‌డి-4 అనే పడవ 1919లో గంటకు 114 కిలోమీటర్ల వేగం అందుకున్నది. ఆ పడవలలో అడుగు మొత్తం నీటిని విడిచి పైకి లేస్తుంది.

బజారులో దొరికే రెక్క ఆ కోవకు చెందినది కాదు. మోటారు కాలి మీద, ప్రొపెల్లరుకు కొంచెం పైన ఒక బల్లపరుపు ప్లేటు ఉంటుంది. పైనుంచి గాలి దిగి ప్రొపెల్లరు నీటిపట్టు తప్పకుండా కాపాడడం దాని పని. దీనినే మెకానిక్కులు క్యావిటేషన్ ప్లేటు అంటారు. ఈ ప్లేటుకు రెండు వైపులా బోల్టులతో గాని, బిగింపులతో గాని తగిలించే ప్లాస్టిక్ రెక్కలనే హైడ్రోఫాయిల్ అని అమ్ముతారు. ఇవి పడవను నీటి నుంచి లేపవు. అమరాన్ని, అంటే పడవ వెనుక కొసను మాత్రం కొంచెం ఎత్తుతాయి.

తేలికపాటి వేగపు పడవలో ఇది అక్కరకు వచ్చే పనే. థ్రాటిల్ ఒక్కసారిగా తెరిచినప్పుడు అమరం నీటిలో కుంగి, అణియం ఆకాశానికి లేస్తుంది. ముందున్న దారి కనిపించదు, ఇంధనం వృథా అవుతుంది. రెక్క అమరాన్ని ఎత్తడంతో పడవ త్వరగా సమమై, నీటిమీద జారే స్థితికి చేరుతుంది. ఒకసారి జారడం మొదలయ్యాక ఆ స్థితిని తక్కువ వేగంలోనూ నిలుపుకోగలదు. అయితే పూర్తి వేగంలో ఇదే రెక్క నీటికి అడ్డుపడి వేగాన్ని కొద్దిగా తగ్గించవచ్చు.

మన పడవల లెక్క

అసలు ప్రశ్న ఇక్కడే ఉన్నది. మన పడవ నీటిమీద జారే రకమా, నీటిని తోసుకుపోయే రకమా?

నీటిని తోసుకుపోయే పడవకు దాని పొడవే ఒక హద్దు పెడుతుంది. నీటిలో తడిసే పొడవును అడుగులలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే గంటకు ఎన్ని నాటికల్ మైళ్లన్నది వస్తుంది. 25 అడుగుల పడవకు వర్గమూలం 5 కనుక హద్దు గంటకు 6.7 మైళ్లు. ఆ హద్దు దగ్గరకు చేరాక మోటారును ఎంత గట్టిగా తిప్పినా పడవ తాను లేపిన అలనే ఎక్కలేక ఇంధనం తాగుతుంది. దానిని దాటి నీటిమీద జారాలంటే దాదాపు రెట్టింపు వేగం కావాలి.

అంత వేగానికి ప్రతి హార్స్‌పవర్‌కు మొత్తం బరువు సుమారు 20 నుంచి 25 కిలోలకు మించరాదన్నది పడవలు కట్టేవారి అనుభవపు లెక్క. మన వేటపడవను ఉదాహరణకు తూకం వేద్దాం. ఫైబరు పడవ 600 కిలోలు, మోటారు 50, నలుగురు మనుషులు 250, వలలు 300, ఐసు, చేపలు 300 అనుకుంటే మొత్తం 1,500 కిలోలు. మోటారు 10 హార్స్‌పవర్ అయితే ఒక్కో హార్స్‌పవర్‌కు 150 కిలోలు పడుతుంది. ఈ పడవ నీటిమీద జారాలంటే 60 నుంచి 75 హార్స్‌పవర్ కావాలి. ఆ లోటును ప్లాస్టిక్ రెక్క పూడ్చలేదు.

మరో సంగతి. రెక్క ఎత్తే బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. గంటకు 18 మైళ్ల వేగంలో అది ఎంత ఎత్తుతుందో, 6 మైళ్ల వేగంలో అందులో తొమ్మిదో వంతే ఎత్తుతుంది. మెల్లగా పోయే పడవలో రెక్క నీటిలో ఈడ్చుకుపోయే అదనపు బరువుగా మిగులుతుంది.

ఇక పొడుగు షాఫ్టుతో నడిచే డీజిల్ ఇంజన్ల సంగతి చెప్పనవసరం లేదు. వాటిలో రెక్క బిగించేందుకు వీలైన ప్లేటు సాధారణంగా ఉండనే ఉండదు. ఈ రకం ఇంజన్లు ఎక్కువగా ఉన్న రేవులో రెక్కల సరుకు దించితే అది గోడౌనులోనే మూలుగుతుంది.

ఇసుక, వల, మొగ

రెక్క వల్ల నష్టం అదనపు ఇంధనంతో ఆగకపోవచ్చు. మన తీరంలో చాలా పడవలు జెట్టీకి చేరవు, ఇసుక గట్టుకు కొట్టుకు వస్తాయి. అప్పుడు మోటారు కాలిని సకాలంలో పైకి ఎత్తాలి. కాలికి రెండు వైపులా రెక్కలు ఉంటే ఇసుకకు తగిలే భాగం పెరుగుతుంది. తగిలినప్పుడు ఆ దెబ్బ రెక్కతో ఆగదు, అది బిగించిన ప్లేటుకు చేరుతుంది. రంధ్రాలు తొలిచి బిగించే రకమైతే ప్లేటు ముందే బలహీనపడి ఉంటుంది. ప్లేటు విరిగితే మోటారు కింది కేసింగు మొత్తం మార్చవలసి రావచ్చు. తొలిచిన మోటారుకు కంపెనీ గ్యారంటీ వర్తిస్తుందో లేదో డీలరును ముందే అడగాలి.

1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభమైన బంగాళాఖాత కార్యక్రమం ఈ తీరానికి తగిన పడవల నమూనాలను 1980 దశకంలో రూపొందించింది. ఆ పడవలు గట్టుకు చేరేటప్పుడు ప్రొపెల్లరు పైకి లేచే ఏర్పాటుకే నిపుణులు ప్రాధాన్యం ఇచ్చారు. కెరటం విరిగే చోట నీటి అడుగున ఎంత తక్కువ సామాను వేలాడితే అంత క్షేమమన్నది దీనిలోని పాఠం.

వల లాగేటప్పుడు కూడా రెక్క అంచులకు దారం చిక్కుకునే ప్రమాదం ఉన్నది. చిరిగిన వల ఖరీదు ముందు ఆదా అయిన ఇంధనం ఏపాటి?

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మొగ దాటేటప్పుడు. వెనుక నుంచి కెరటం తరుముతుండగా పడవ వేగంగా జారితే, అమరం ఇప్పటికే పైకి లేస్తుంది. అప్పుడు రెక్క దానిని మరింత ఎత్తితే అణియం నీటిలోకి గుచ్చుకుని పడవ అడ్డం తిరగవచ్చు. అడ్డం తిరిగిన పడవను తరువాతి కెరటం బోల్తా కొట్టిస్తుంది. ఇది మనుషుల ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఎవరికి అమ్మవచ్చు?

అంతమాత్రాన సరుకు పనికిరానిదని కాదు. 14, 16 అడుగుల తేలికపాటి ఫైబరు డింగీలు, ఒకరిద్దరు మనుషులతో 25 హార్స్‌పవర్‌కు పైబడిన మోటారుతో పోయే గస్తీ పడవలు, పర్యాటకుల స్పీడుబోట్లు దీనికి తగిన ఖాతాదారులు. జెట్టీకి చేరే పడవ, ప్రశాంతమైన నీరు, అమరం కుంగే జబ్బు, ఈ మూడూ కలిస్తే రెక్క పనిచేస్తుంది.

అప్పుడు కూడా ముందు మోటారు ఎత్తు చూడాలి. క్యావిటేషన్ ప్లేటు పడవ అడుగుకు సమానంగా గాని, అంగుళం కిందుగా గాని ఉండాలి. 15 అంగుళాల అమరపు పలకకు పొట్టి షాఫ్టు, 20 అంగుళాల పలకకు పొడుగు షాఫ్టు సరిపోతాయి. ఈ జత తప్పిన పడవకు రెక్క తగిలిస్తే అసలు లోపం కప్పబడుతుందే గాని పోదు. మోటారును రెండంగుళాలు జరపడానికి ఒక చెక్కముక్క, మెకానిక్కు కూలి చాలు.

జమాఖర్చు

రెక్క ధర రూ. 5,000, ఇంధనం లీటరు రూ. 100, పడవ ఒక్కో వేటకు 20 లీటర్లు కాలుస్తుందని లెక్క కోసం అనుకుందాం. రెక్క నూటికి 5 వంతులు ఆదా చేస్తే వేటకు ఒక లీటరు మిగులుతుంది. 50 వేటలలో ధర రాబడుతుంది. తోసుకుపోయే పడవలో ఆదాకు బదులు నూటికి 2 వంతులు ఎక్కువ కాలితే వేటకు రూ. 40 నష్టం. 200 వేటలకు రూ. 8,000. రెక్క ధర కలుపుకుంటే మొత్తం రూ. 13,000 నీటిపాలు.

ఇదే పడవ వేగాన్ని పదో వంతు తగ్గిస్తే ఏమవుతుందో చూద్దాం. తోసుకుపోయే పడవలో కావలసిన శక్తి దాదాపు వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పదో వంతు వేగం తగ్గితే గంటకు అయ్యే ఖర్చు నూటికి 27 వంతులు, దూరానికి అయ్యే ఖర్చు 19 వంతులు తగ్గుతుంది. 12 మైళ్ల దూరానికి గంటకు 6 మైళ్ల చొప్పున 2 గంటలు పడితే, 5.4 మైళ్ల చొప్పున 2 గంటల 13 నిమిషాలు పడుతుంది. పైసా పెట్టుబడి లేకుండా దాదాపు ఐదో వంతు ఇంధనం మిగిలినట్లే.

గట్టుకు ఆలస్యంగా వస్తే వేలంలో ధర పడిపోతుందన్న అభ్యంతరం సబబైనదే. అందుకే వేటకు పోయేటప్పుడు నిదానంగా పోయి, వచ్చేటప్పుడు మార్కెట్టును బట్టి మోటారు తిప్పడం మేలు. చేప తాజాదనమే ప్రశ్న అయితే ఆ రూ. 5,000 ఐసుకు, ఐసు పెట్టెకు పెట్టడం లాభదాయకం. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో చిన్న వేటపడవల ఇంధన పొదుపుపై ప్రచురించిన కరదీపిక కూడా వేగం తగ్గించడం, పడవ అడుగు శుభ్రంగా ఉంచడం, తగిన ప్రొపెల్లరు వాడడం అనే మార్గాలనే చూపుతున్నది.

వర్తకుడు అడగవలసినవి

రెక్క కోసం వచ్చిన ఖాతాదారును మూడు ప్రశ్నలు అడిగితే చాలు. నిండు బరువుతో పడవ నీటిమీద జారుతుందా? పడవ చేరేది జెట్టీకా, ఇసుకకా? రానూ పోనూ మొగ దాటాలా? మొదటి దానికి కాదని జవాబు వచ్చినా, ఇసుకకు చేరేదైనా, మొగ దాటవలసినదైనా ఆ సరుకును ఖాతాకు రాయకపోవడమే మంచిది.

ఎందుకంటే ఈ నష్టం పడవ యజమాని ఒక్కడితో పోదు. చాలా రేవులలో ఇంధనం, ఐసు ఖర్చులు ముందుగా తీసివేసి, మిగిలినదే యజమానికి, కళాసీలకు వాటాలు వేస్తారు. రెక్క కొనాలా వద్దా అని కళాసీని ఎవరూ అడగరు. ఎక్కువగా కాలిన ప్రతి లీటరులో మాత్రం అతని వాటా ఉంటుంది. వాటా తగ్గిన కళాసీ మరో పడవ చూసుకుంటాడు, కళాసీలు లేని పడవ గట్టుననే ఉండిపోతుంది, గట్టున ఉన్న పడవ బాకీ తీర్చదు. రూ. 5,000 సరుకు అమ్మి అంతకు పదింతల మదుపును ఇరికించుకోవడం వ్యాపారం అనిపించుకోదు.