ఫోన్‌ను దారి అడుగుదాం

హైదరాబాదు పెద్ద నగరం. సందులు ఎక్కువ. అడిగితే ఒకరు అటు పొమ్మంటారు, ఇంకొకరు ఇటు పొమ్మంటారు. ఇప్పుడు సెల్‌ఫోన్ కూడా దారి చెబుతుంది. గూగుల్ మ్యాప్స్ అనే యాప్‌లో ఊరి పటం ఉంటుంది. దాన్ని నోటితోనే అడగవచ్చు. 2017లో గూగుల్ తెలుగు మాటలను కూడా వినడం మొదలుపెట్టింది.

ఎట్లా అడగాలి?

ముందు ఫోన్‌లో నెట్ ఉండాలి. లొకేషన్ ఆన్ చేయాలి. అప్పుడే మనం ఎక్కడున్నామో ఫోన్‌కు తెలుస్తుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాలను బట్టి ఫోన్ లెక్క కడుతుంది. పటం పైన ఒక గడి కనిపిస్తుంది. అందులో మైకు బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి మాట్లాడాలి. బస్టాండులో గోల ఉంటే ఓ పక్కకు వెళ్లి అడగడం మంచిది.

మన మాట నెట్ ద్వారా ఎక్కడో ఉన్న కంప్యూటర్లకు పోతుంది. అవి మాటను అక్షరాలుగా మారుస్తాయి. ఆ అక్షరాలు గడిలో కనిపిస్తాయి. ఫోన్ ఏం విన్నదో అక్కడ చదువుకోవాలి. చదువు అక్కరకొచ్చేది ఇక్కడే.

నల్లగొండ నుంచి ఒక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొని వచ్చిందనుకుందాం. ఎం.జి.బి.ఎస్.లో దిగింది. నీలోఫర్ దవాఖానకు పోవాలి. అది పిల్లల పెద్దాసుపత్రి, సర్కారుది. నిజాం చిన్న కోడలు నీలోఫర్ పేరు పెట్టారు. ఆమె ఫోన్‌లో ఉత్త "నీలోఫర్" అన్నది. ఆ దగ్గరలోనే అదే పేరుతో పేరున్న చాయ్ హోటల్ ఉంది. ఫోన్ హోటల్‌ను చూపినా చూపవచ్చు! "నీలోఫర్ ఆసుపత్రి, లక్డీకాపూల్" అంటే పొరపాటుకు చోటు తక్కువ.

గాంధీ పేరుతో ఇంకా చిక్కు. గాంధీ ఆసుపత్రి ముషీరాబాద్‌లో ఉంది. గాంధీ భవన్ నాంపల్లి దగ్గర ఉంది. రెండింటికీ మెట్రో స్టేషన్లున్నాయి. ఎం.జి.బి.ఎస్. అంటే కూడా మహాత్మా గాంధీ బస్ స్టేషనే. అందుకే పూర్తి పేరు, పేట పేరు రెండూ చెప్పాలి.

చోటు దొరికాక దారి చూపే మీటను నొక్కాలి. బస్సు బొమ్మ నొక్కితే బస్సులు, మెట్రో రైళ్లు చూపుతుంది. ఆ తల్లి మియాపూర్ వైపు పోయే మెట్రో ఎక్కితే అయిదో స్టేషన్ లక్డీకాపూల్. మెట్రోకు టికెట్ కొనాలి. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అయితే తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు దగ్గరుంచుకోవాలి. మెట్రో ఎక్స్‌ప్రెస్ అనేది బస్సే, రైలు కాదు సుమా!

దిగాక నడిచే మనిషి బొమ్మ నొక్కాలి. ఎక్కడ మళ్లాలో ఫోన్ తెలుగులోనూ చెప్పగలదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఫోన్‌ను చూడొద్దు, బండ్లను చూడాలి.

నెట్‌లో ఆసుపత్రి పేరుతో దొంగ ఫోన్ నంబర్లు పెట్టేవాళ్లున్నారు. ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పకూడదు. బిడ్డకు ఫిట్స్ వస్తే, ఊపిరి ఆడకపోతే పటం వెతుకుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. డబ్బులు పడవు.