బానెట్ లేపితె మూతనే కనబడుతది

పొద్దున తొమ్మిదిన్నరకు మైండ్‌స్పేస్ కాడ నిలబడి చూడుండ్రి. క్యాబులు చీమల బారు లెక్క కదులుతుంటయి. నడిపేటోళ్లల్ల శానమంది పాలమూరు, నల్లగొండ, మెదక్ దిక్కు నుంచి వచ్చిన మన పోరగాళ్లే. గా ట్రాఫిక్‌ల మీటరు మీద పసుపుపచ్చ ఇంజన్ లైటు వెలిగిందంటె గుండె జల్లుమంటది. లైటు ఏం చెప్తుందో వాళ్లకు తెల్వది, అడ్డ మీది మెకానిక్‌కు కూడ తెల్వది. ఈఎంఐ తారీఖు మాత్రం తెలుసు.

మన నాయినల కాలంల గిట్ల లేకుండె. 1983ల వచ్చిన మారుతి 800 కార్బొరేటర్ బండి. ఆగిపోతె ప్లగ్గు ఇప్పి గరుకు కాయితంతోని రుద్ది, జెట్టు నోటితోని ఊది బిగిస్తె మళ్ల నడిచేది. నాలుగు పానాలుంటె చాలు.

తర్వాత పొగ నిబంధనలు గట్టిగైనయి. హైదరాబాద్‌కు 2010ల బీఎస్-4 వస్తె, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతట బీఎస్-6. దాంట్ల నాకు పేచీ లేదు, సిగ్నల్ కాడ గా పొగ మింగేది మనమే. పొగ తగ్గాలంటె ఇంజన్‌ల ఎంత నూనె పడాలె, ఎప్పుడు పడాలె అన్నది లెక్కతోని జరగాలె. గా లెక్క చేసే కంప్యూటర్ పేరే ఈసీయూ.

డీజిల్ బండినే తీసుకోండ్రి. బీఎస్-6 డీజిల్ కార్లల్ల పొగగొట్టంల మసి పట్టే ఫిల్టర్ ఉంటది, డీపీఎఫ్ అంటరు. నిండిన మసిని బండి తనంతట తానే కాల్చుకోవాలె. అండ్లకు గొట్టం బాగ వేడెక్కాలె, అంటె ఆగకుండ కొంతసేపు ఒక్క తీరు వేగంతోని పోవాలె. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాక ఆగుకుంట పాకేటి బండికి గా వేడి యాడికెళ్లి వస్తది? అందుకే డీపీఎఫ్ లైటు వెలిగిన్నాడే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఓ చక్కరు కొట్టుండ్రి. ఎంతసేపు, ఎంత వేగం అన్నది బండితోని ఇచ్చిన బుక్కుల ఉంటది. పట్టించుకోకపోతె ఇంజన్ జోరు తగ్గించుకుంటది. అప్పుడు స్కానర్ పెట్టి కాల్పించుడే.

ఇంకో సంగతి. స్టీరింగు కింద ఓబీడీ సాకెట్ ఉంటది. దానికి చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెడితె పొగకు సంబంధించిన కోడ్లు మీ ఫోన్‌లనే కనబడుతయి. కోడ్ చూసి పార్టు కొనకుండ్రి. నొప్పి ఏ దిక్కుందో అది చెప్తది గని, రోగం వేరే ఉండొచ్చు. సెన్సార్ కోడ్ వస్తె ముందుగాల దాని వైరు ఎలుక కొరికిందేమో చూడుండ్రి. ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, టైర్ల గాలి, వైపర్లు ఇప్పటికీ మన చేతుల ఉన్నయే.

అసలు తాళం ఇంకో కాడ ఉన్నది. కొన్ని బండ్లల్ల కొత్త ఇంజెక్టర్ ఏస్తె దాని కోడ్ ఈసీయూల ఎక్కించాలె. కరెంటు హ్యాండ్‌బ్రేకు ఉంటె ఎనుక ప్యాడ్లు మార్చెటందుకు గూడ సర్వీస్ మోడ్ పెట్టాలె. కొత్త తాళంచెవి సంగతీ గంతే. పార్టు రాణిగంజ్‌ల దొరకొచ్చు, దాన్ని బండికి పరిచయం చేసే సాఫ్ట్‌వేర్ దొరకదు. గిది పొగ కోసం పెట్టిన తాళం కాదు, యాపారం కోసం పెట్టింది.

గీ మాట నేనొక్కన్నే అంటలేను. 2014 ఆగస్టుల కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జుర్మానా ఏసింది. విడిభాగాలు, రోగం పట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకూ అమ్మాలన్నది. కంపెనీలు అప్పీళ్లకు పోయినయి. 2022 డిసెంబర్ల కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. పోర్టల్ వచ్చింది గని, ఇయ్యకపోతె శిక్ష పడే చట్టం రాలె. అమెరికాల మసాచుసెట్స్ రాష్ట్రం 2012లనే కార్లకు గసుంటి చట్టం తెచ్చుకున్నది.

ఇచిత్రం ఏందంటె, హ్యుందాయ్, జెడ్ఎఫ్ అసుంటి కంపెనీల ఇంజనీరింగ్ ఆఫీసులు గీ సైబరాబాద్‌లనే ఉన్నయి. పైన అద్దాల మేడల కార్ల పని, కింద గేటు కాడ లైటు వెలిగిన క్యాబు.

మన సర్కారు 2024ల 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తోని కలిసి కొత్త సెంటర్లుగ మార్చే పని పట్టుకున్నది. మంచిదే. గని ఆడ స్కానర్ పట్టుడు నేర్సుకున్న పిల్లగాడు రేపు జడ్చర్లల షెడ్డు పెడితె, కంపెనీ సాఫ్ట్‌వేర్ వానికి ఎంతకు అమ్ముతరు, అసలు అమ్ముతరా? ఓట్లకు వచ్చినోళ్లను ఈ ముక్క అడుగుండ్రి.