చలికాలం కోసం ఆగే చిక్కుడు

డిసెంబరు వచ్చిందంటే సూరత్‌లో తాపీ నదికి కుడి ఒడ్డున ఉన్న అడాజన్‌లో కూరగాయల బండ్ల కళే వేరు. ఆకులతో సహా కట్టలు కట్టిన పచ్చి వెల్లుల్లి, కోస్తే ఊదారంగు తేలే పెండలం, పచ్చి కందికాయలు, పాలుపట్టిన జొన్నకంకులను కాల్చి రాల్చిన పొంక్. వీటన్నిటి మధ్యన లేతాకుపచ్చ కుప్పగా పాపడి. సూరత్‌వాసులు ఏడాదంతా ఎదురుచూసేది దీనికోసమే. కాయ పొట్టిగా, బల్లపరుపుగా ఉంటుంది. రెండు పక్కలా నార తీసి, కత్తి ముట్టకుండా వేళ్లతోనే విప్పుతారు. పురుగు ఉంటే అక్కడే కనిపించిపోతుంది. గింజ ముదిరిన కాయైతే గింజలు వేరుగా, లేతదైతే తొక్కతో సహా కూరలో పడుతుంది.

హజీరా పరిశ్రమల్లో ఉద్యోగాలకని వచ్చి అడాజన్‌లో కాపురమున్న తెలుగువాళ్లకైనా, మగ్గాల పని మీద తెలంగాణ నుంచి తరలివచ్చి లింబాయత్, ఉధ్నాల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకైనా ఈ కాయను పరిచయం చేయనక్కర్లేదు. ఇది మన చిక్కుడే. శాస్త్రనామం లాబ్‌లాబ్ పర్ప్యూరియస్. తెలంగాణలో అనుములు, చిత్తూరు వైపు అనపకాయలు, కర్ణాటకలో అవరె, గుజరాత్‌లో పాపడి, వాలోళ్, ఎండు గింజైతే వాల్. అన్నీ ఈ ఒక్క జాతి సంతానమే.

పాతరకం చిక్కుళ్లు, బీన్స్ మీద ఇంటి వంటవాళ్లకు మోజు పెరుగుతున్న కాలమిది. అమెరికాలో సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ 1975 నుంచి ఇళ్లలో తరతరాలుగా వస్తున్న విత్తనాలను సేకరించి పంచుతోంది. కాలిఫోర్నియాలోని నాపాలో 2001లో మొదలైన రాంచో గోర్డో అనే చిన్న వ్యాపారం పాతరకం ఎండు బీన్స్ అమ్ముతూ ఎంత పేరు తెచ్చుకుందంటే, దాని బీన్స్ క్లబ్‌లో చేరడానికి జనం వరుసలో ఉండాల్సివస్తోంది. ఐక్యరాజ్యసమితి 2016ను పప్పుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఏటా ఫిబ్రవరి 10 ఇప్పుడు ప్రపంచ పప్పుధాన్యాల దినం. మనకైతే ఈ మోజు కోసం సముద్రాలు దాటి చూడాల్సిన పని లేదు. ప్రపంచంలోని అతి పాత చిక్కుడు సంప్రదాయాల్లో ఒకటి మన పాదుల మీదే ఉంది. అది నిలవాలంటే దాని వెనకున్న విజ్ఞానం వండేవాళ్లకు తెలియాలి.

ఒకే జాతి, రెండు పుట్టిళ్లు

రాజ్మా మన దేశపు పంట కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అక్కడ మెక్సికో పరిసరాల్లో ఒకసారి, ఆండీస్ కొండల్లో మరోసారి మనిషి దాన్ని విడివిడిగా మచ్చిక చేశాడు. చిక్కుడు కథా ఇలాంటిదే. దీని అడవి బంధువులు ఆఫ్రికాలో ఉన్నాయి. 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడిన చిక్కుడు జన్యుపటం, ఈ పంటను మనిషి కనీసం రెండుసార్లు విడివిడిగా మచ్చిక చేశాడని తేల్చింది. కాయకు రెండు గింజలుండే వంశం ఒకటి, నాలుగు గింజలుండేది మరొకటి. మన దేశానికి చేరి విస్తరించింది నాలుగు గింజల వంశం.

అది ఇక్కడికి నిన్నో మొన్నో రాలేదు. కర్ణాటకలోని హల్లూరు, బళ్లారి దగ్గరి సంగనకల్లు వంటి నవీన శిలాయుగపు ఊళ్ల తవ్వకాల్లో మాడిన చిక్కుడు గింజలు దొరికాయి. వాటి వయసు సుమారు మూడున్నర వేల ఏళ్లు. ఉలవలు, పెసలతోపాటు దక్కను మెట్టపొలాల్లో చిక్కుడు పాతకాపు. అందుకే ఇన్ని రూపాలు. గుత్తులుగా కాసేవి, ఊదా అంచువి, కొడవలిలా వంగినవి, తెల్లగింజవి, నల్లగింజవి. ఊరు మారితే రకం మారుతుంది. సూరత్‌లో కతార్‌గామ్ పాపడికి ప్రత్యేకమైన పేరుంది. ఆ కతార్‌గామ్ ఇప్పుడు వజ్రాలు సానబట్టే కార్ఖానాల పేట. పొలం పోయినా రకం పేరు మాత్రం వంటవాళ్ల నోట ఇంకా ఆడుతోంది.

రాత్రి పొడవును కొలిచే తీగ

నాటు చిక్కుడు పాదు పెట్టినవాళ్లకు ఒక అనుభవం ఉంటుంది. తొలకరికి గింజ వేస్తే తీగ పందిరంతా కమ్మేస్తుంది, పువ్వు జాడ మాత్రం ఉండదు. ఎరువు ఎక్కువైందేమోనని దిగులు పడతాం. దసరా దాటాక ఒక్కసారిగా పూత మొదలవుతుంది.

కారణం తీగ వయసు కాదు, ఆకాశం. పాతరకం చిక్కుడు హ్రస్వదిన మొక్క. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూస్తుంది. సూరత్‌లో జూన్ చివర పగలు దాదాపు పదమూడున్నర గంటలుంటే, డిసెంబరు చివరకు పదకొండు గంటలలోపుకు వస్తుంది. ఈ తేడాను పసిగట్టేది ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం. రాత్రి నిడివి ఒక హద్దు దాటగానే ఆకుల్లో పూతకు సంకేతమిచ్చే ప్రొటీన్ తయారవుతుంది. అది కణజాలం గుండా చివుళ్లకు చేరి, ఆకు వేయాల్సిన మొగ్గను పువ్వు వేసేలా మారుస్తుంది. సంక్రాంతి కూరల్లో చిక్కుడు ఉండటం, రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి చిక్కుడాకుల్లో పరమాన్నం నివేదించడం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. సూర్యుడి గమనాన్ని బట్టి కాసే పంటను సూర్యుడికే సమర్పించే ఆచారమిది.

ఏడాదికి ఒకే కాపు అంటే రైతుకు నష్టం. అందుకని శాస్త్రవేత్తలు పగటి నిడివితో పనిలేకుండా పూసే పొట్టి రకాలను తయారుచేశారు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం హెబ్బాళ అవరె రకాలు, భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క జయ్ రకం అలాంటివే. పందిరి అక్కర్లేదు, ఏ కాలంలోనైనా పండుతాయి, కోత తొందరగా వస్తుంది. రైతుకు అవి నిజమైన మేలు చేశాయి. అయితే మార్కెట్ ఏడాది పొడవునా ఆ రకాలనే అడిగితే, కాలానికి కట్టుబడిన నాటు రకాలను విత్తేవాళ్లు తగ్గిపోతారు. కాలాన్ని గుర్తించే ఆ జన్యువులతోపాటు వాటి వెంట ఉన్న రుచి, వాసన, చీడను తట్టుకునే గుణం కూడా పొలం నుంచి తప్పుకుంటాయి.

వాసన కాయ పైనే ఉంది

మంచి అనపకాయను చేత్తో నలిపితే వేళ్లకు జిడ్డు అంటుతుంది, ఘాటైన వాసన వస్తుంది. కన్నడిగులు సొగడు అని మెచ్చుకునేది దీన్నే. ఆ జిడ్డును రసాయనికంగా విశ్లేషిస్తే అందులో ట్రాన్స్-2-డోడెసినోయిక్ ఆమ్లం, ట్రాన్స్-2-టెట్రాడెసినోయిక్ ఆమ్లం ప్రధానంగా కనిపించాయి. రెండూ కొవ్వు ఆమ్లాలే. అంటే చిక్కుడు పరిమళానికి మూలం గింజ లోపలి పిండిలో కన్నా కాయ పైతొక్క స్రావంలో ఎక్కువగా ఉంది. మంచు కురిసే రాత్రుల్లో పెరిగిన కాయకే ఈ వాసన గాఢంగా ఉంటుందని పండించేవాళ్లు, తినేవాళ్లు ఇద్దరూ చెబుతారు. కొత్త రకాల రూపకల్పనలో ఇప్పుడు పరిశోధకులు దిగుబడితోపాటు వాసననూ ఒక లక్షణంగా చూసి ఎంపిక చేస్తున్నారు. తినేవాళ్లు పట్టుబట్టి అడగడం వల్లే ఆ మార్పు వచ్చింది.

వంటింటి రసాయనం

సూరతీ ఊంధియు అనే కలగూరలో పాపడితోపాటు చిన్న బంగాళదుంపలు, పెండలం, చిలగడదుంప, పచ్చి అరటి, గుత్తి వంకాయలు, మెంతికూర ముఠియా ఉండలు పడతాయి. చాలా ఇళ్లలో పాపడికి చిటికెడు వాము, చిటికెడు సోడా తగిలిస్తారు. ఆ సోడా రెండు పనులు చేస్తుంది. కూరగాయ ఉడికేటప్పుడు దానిలోని ఆమ్లాలు పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తొలగిస్తాయి, దాంతో పచ్చదనం గోధుమరంగులోకి దిగుతుంది. సోడా ఆ ఆమ్లాన్ని విరిచి రంగు నిలుపుతుంది. కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను వదులు చేసి కాయను త్వరగా మెత్తబరుస్తుంది కూడా. మోతాదు మించితే కాయ ముద్దయిపోతుంది, సబ్బు రుచి వస్తుంది, థయమిన్ అనే బి విటమిన్ నశిస్తుంది. చిటికెడు దగ్గర ఆగడమే సరైన పద్ధతి. సూరత్‌కు దక్షిణాన వల్సాడ్ వైపు చేసే ఉబాడియులోనైతే పాపడిని ఆకులతో కుండలో కుక్కి, కుండను బోర్లించి చుట్టూ మంట వేస్తారు. నూనె అక్కర్లేదు. కాయలోని నీరే ఆవిరై కాయను ఉడికిస్తుంది.

ఎండు గింజకు వేరే శ్రద్ధ కావాలి. కొన్ని గింజలు ఎంతసేపు ఉడికించినా మెత్తబడవు. వేడిగా, తేమగా ఉన్నచోట ఎక్కువకాలం నిల్వ ఉంటే గింజలోని ఫైటేట్ విచ్ఛిన్నమై, దాన్ని పట్టుకుని ఉన్న కాల్షియం, మెగ్నీషియం విడుదలవుతాయి. అవి పెక్టిన్‌తో ముడిపడి గింజను గట్టిగా బిగిస్తాయి. కఠినత్వం ఉన్న బోరు నీటిలోని కాల్షియం దానికి తోడవుతుంది. నానబెట్టే నీటిలో కొద్దిగా ఉప్పు వేస్తే సోడియం కొంతమేర కాల్షియం స్థానంలోకి వచ్చి ముడిని సడలిస్తుంది. చింతపండు, టమాటా లాంటి పులుపు గింజ ఉడికాకే వేయాలి. ఆమ్లం పెక్టిన్‌ను కరగనివ్వదు.

జాగ్రత్త కూడా తప్పనిసరి. ఎండు చిక్కుడు గింజల్లో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థాలు, లెక్టిన్లు, సయనైడ్‌ను వెలువరించగల గ్లూకోసైడ్లు ఉంటాయి. వాటిని రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో బాగా మరిగించాలి. ఎర్ర రాజ్మాకైతే ఇది మరీ ముఖ్యం. కనీసం ఐదు గంటలు నానాలి, కుతకుతలాడుతూ ఉడకాలి. సన్నని సెగ మీద గోరువెచ్చగా ఉడికించే పాత్రల్లో దాని లెక్టిన్ నశించదు. చిత్తూరు జిల్లాలో అనపగింజలను నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పిండి తొక్క జార్చి పితికిపప్పు చేస్తారు. ఓపిక కోరే పనే గానీ, గట్టి పీచు, వగరు ఉన్న తొక్క పోయి పప్పు వెన్నలా ఉడుకుతుంది. 100 గ్రాముల ఎండు గింజల్లో దాదాపు 24 గ్రాముల మాంసకృత్తులున్నాయి. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ చిక్కుడులో సమృద్ధి. జొన్నరొట్టె, అనుముల కూర కలిసి తిన్నప్పుడు ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది.

విత్తనం దాచే పద్ధతి

చిక్కుడు ఇంట్లో విత్తనం కట్టుకోవడానికి అనువైన పంట. పువ్వు చాలావరకు తన పుప్పొడితో తానే ఫలదీకరణం చెందుతుంది కనుక తల్లి గుణం పిల్లకు దిగుతుంది. అయినా తుమ్మెదలు కొంత పుప్పొడి మోస్తాయి. రెండు రకాలుంటే పక్కపక్కన పాదు పెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న తీగ మీద తొలి కాపులోని మంచి కాయలను కోయకుండా వదిలేయండి. తీగ మీదే ఎండి గలగలలాడాక కోసి, గింజలు తీసి నీడన ఆరబెట్టండి. పంటికింద పెడితే గింజ నొక్కుకుపోకుండా టప్పున విరగాలి. అప్పుడే తడి ఆరినట్టు.

తర్వాతి శత్రువు పుచ్చుపురుగు. ఆడ పురుగు గింజ మీద గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు లోపలికి తొలుస్తుంది. మన అమ్మమ్మలు కలిపిన కట్టెల బూడిద గింజల మధ్య సందులను నింపి, పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకేసి, దాన్ని ఎండబెట్టి చంపుతుంది. గుజరాతీ ఇళ్లలో ఏడాదికి సరిపడా కందిపప్పుకు ఆముదం రాసి దాచే అలవాటు ఉంది. ఆ నూనె పొర గుడ్డుకు గాలి అందనివ్వదు. బాగా ఎండిన విత్తనాన్ని సీసాలో బిగించి కొద్దిరోజులు ఫ్రీజర్‌లో ఉంచినా పురుగు, గుడ్డు రెండూ పోతాయి. తడి ఉన్న గింజను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు, మొలక చస్తుంది.

ఇళ్లలో జరిగే ఈ పనిని ఊళ్లకు ఊళ్లు చేసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, ఎక్కువగా దళిత మహిళా రైతులు, ఊరూరా విత్తన బ్యాంకులు నిలబెట్టారు. అక్కడ చేనులో జొన్న, కంది, అనుములు, ఉలవలు కలిసి పెరుగుతాయి. చిక్కుడు జాతి వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది, నేలకు ఎరువు మిగులుతుంది. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరేగించే పాత పంటల జాతర వాళ్లదే. 2019లో ఈక్వేటర్ బహుమతి వాళ్లను వరించింది. చట్టం కూడా మన పక్షాన ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు ముద్ర లేకుండా అమ్ముకోవచ్చు కూడా.

ఢిల్లీలోని జాతీయ జన్యు బ్యాంకు శీతల గదుల్లో విత్తనం భద్రంగా ఉండటం ఎంతో అవసరం. కానీ అక్కడి విత్తనం కొత్త వానలకు, కొత్త చీడలకు అలవాటుపడలేదు, దాన్ని ఎలా వండాలో ఎవరికీ నేర్పలేదు. ఆ పని పాదు చేయాలి, వంటిల్లు చేయాలి. అడాజన్‌లో ఉన్నా అనంతపురంలో ఉన్నా ఈ చలికాలం మీరు చేయగలిగింది ఒకటుంది. కాయ అమ్మే మనిషిని అది ఏ ఊరి రకమో అడగండి. నచ్చిన నాటు రకం దొరికితే నాలుగు ముదురు కాయల గింజలు ఎండబెట్టి, రకం పేరు, ఊరు, సంవత్సరం రాసి సీసాలో పెట్టండి. తొలకరికి మిద్దె మీద కుండీలోనైనా ఒక పాదు పెట్టండి, కార్తీకం దాకా పూత కోసం ఓపిక పట్టండి. కాసిన విత్తనంలో సగం పొరుగింటికి, సగం సొంత ఊరికి పంపండి. ఒక్క ఇంట్లోనే ఉన్న విత్తనం ఒక్క ఏడు తప్పినా పోతుంది, మూడిళ్లలో ఉంటే ఏదో ఒక పందిరి మీద మళ్లీ కాస్తుంది.