అడ్డుకొనే చేయి – కొట్టే చేయి

పిల్లలూ! ఎవరైనా మీ ముఖం మీదికి పిడికిలి విసిరితే మీరేం చేస్తారు? ముందు చేయి అడ్డం పెడతారు. ఆ తరువాత గదా ఎదురుదెబ్బ మాట! ఈ రెండు పనులకూ మధ్య రవ్వంత సందు ఉన్నది. ఆ సందులోనే అవతలివాడి రెండో పిడికిలి వచ్చి తగులుతుంది.

దక్షిణ చైనాలో ‘వింగ్ చున్’ అనే కుంగ్‌ఫూ పద్ధతి ఒకటి ఉన్నది. దాని పుట్టుకను గురించి అక్కడివారు ఒక కథ చెప్పుకొంటారు. యిం వింగ్ చున్ అనే అమ్మాయిని ఒక దుర్మార్గుడు బలవంతాన పెళ్ళాడబోయాడట. ఎంగ్ ముయి అనే సన్యాసిని ఆమెకు ఈ విద్య నేర్పిందట. అప్పుడామె వాణ్ణి ఓడించి పంపింది. ఇది కథే, చరిత్ర కాదు. కాని బలహీనులు బలవంతుడి దెబ్బను ఆపడమెలా అన్న ప్రశ్న మాత్రం నిజమైనదే.

ఆపనే కూడదు! వేగంగా దొర్లి వచ్చే బంతిని ఎదురుగా నిలిచి ఆపి చూడండి. చేతికి గట్టిగా తగులుతుంది. అదే బంతిని పక్కనుంచి వేలితో కాస్త నెట్టండి, దారి తప్పి పోతుంది. అందుకు ఎంతో బలం అక్కరలేదు.

వింగ్ చున్‌లో ‘తాన్ సావ్’ చేసే పని ఇదే. ‘సావ్’ అంటే చేయి. అరచేయి పైకి తిప్పి, మోచేతిని ఒంటికి దగ్గరగా ఉంచి, ముంజేతిని ఏటవాలుగా ముందుకు చాపుతారు. పడవ ముక్కు నీటిని చీల్చినట్లు ఆ చేయి దెబ్బను పక్కకు జారవిడుస్తుంది. సరిగ్గా అదే క్షణంలో రెండో చేతి పిడికిలి తిన్నగా అవతలివాడి మీదికి వెళుతుంది. దీనిని ‘తాన్ దా’ అంటారు. ‘దా’ అంటే కొట్టడం. కాచుకోవడమూ కొట్టడమూ ఒక్కసారే జరిగితే ఇక సందెక్కడిది?

ఫోషాన్‌లో 1893లో పుట్టిన యిప్ మాన్ ఈ విద్యను 1950 ప్రాంతం నుంచి హాంకాంగ్‌లో నేర్పాడు. సినిమాలలో పేరు పొందిన బ్రూస్ లీ ఆయన శిష్యుడే.

దెబ్బ వస్తున్నదనగానే కళ్ళు గట్టిగా మూసుకొనే పిల్లలను నా బడిలో ఎందరినో చూశాను. ఇక్కడ మాత్రం కావాలనే కళ్ళకు గుడ్డ కట్టి సాధన చేయించడం కూడా ఉన్నది! ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ముంజేతులు ఆనించి తిప్పుతూ, అవతలి చేయి ఎటు కదలబోతున్నదో స్పర్శతోనే పసికడతారు. కంటితో చూసి కదలడం కంటే స్పర్శ తెలిసి కదలడం త్వరగా జరుగుతుంది మరి.

తోడు లేనివారికి కొయ్యమనిషి ఉన్నాడు. వాడికి చేతులు మూడు, కాలు ఒక్కటే! వాడు తిరిగి కొట్టడు గాని, మీరు చేయి వంకరగా పెడితే మాత్రం మీ ముంజేతికే తెలిసివస్తుంది.