మూత్రం ఆపుకోలేని సమస్యకు మాత్రలా? చీటీలన్నీ ఒకేచోట చూపించండి

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవుకు దగ్గర్లో, డైమండ్ హార్బర్ రోడ్డు మీద ఏక్‌బాల్‌పూర్ ఉంది. పెద్ద ఆసుపత్రి, నర్సింగ్ హోములు, వాటిని ఆనుకుని మందుల షాపులు ఉన్న ప్రాంతమిది. రేవు పనులకు, గార్డెన్‌రీచ్ ప్రధాన కార్యాలయంగా నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో (నేటి ఆగ్నేయ రైల్వే) ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. ఇలాంటి ఇళ్లలో పెద్దవాళ్ల వైద్యం తరచూ సొంత ఊరికీ కోల్‌కతాకూ మధ్య, రెండు మూడు భాషల్లో సాగుతుంది.

ఒక పరిస్థితిని ఊహించుకుందాం. శ్రీకాకుళం జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన 70 ఏళ్ల తల్లి ఉన్నారు. బీపీ, షుగరు మాత్రలతో పాటు అరికాళ్ల మంటలకు రాత్రిపూట వేసుకునే మాత్రను ఊళ్లో డాక్టరు రాశారు. ఏక్‌బాల్‌పూర్‌లో జలుబు చేస్తే కొడుకు షాపులో అడిగి మరో మాత్ర తెచ్చారు. మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇక్కడి డాక్టరు ఇంకో మాత్ర రాశారు. పది రోజులకు ఆమెకు నోరు పిడచకట్టుకుపోతోంది, విరేచనం కావడం లేదు, రాత్రి లేచి ఏ గదిలో ఉన్నారో తెలియక తికమకపడుతున్నారు. ఇంట్లోవాళ్లు వయసు మీదపడిందనుకున్నారు. విడిగా చూస్తే ప్రతి మాత్రకూ కారణం ఉంది. అన్నింటినీ కలిపి చూసినవారే లేరు.

సమస్య ఏమిటి?

మూత్రాశయంలో సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్ల మూత్రం పడుతుంది. మామూలుగా అది సగం దాకా నిండినప్పుడు కొద్దిగా వెళ్లాలనిపిస్తుంది, కాసేపు ఆపుకోగలుగుతాం. మూత్రాశయం గోడలోని కండరం నిండకముందే బిగుసుకుంటే ఒక్కసారిగా, వాయిదా వేయలేనంత ఒత్తిడి వస్తుంది. పగలు ఎనిమిదిసార్లకు మించి వెళ్లడం, రాత్రి పదేపదే లేవడం, కొందరిలో బాత్రూముకు చేరేలోపే బట్టలు తడవడం దీని లక్షణాలు. దీన్నే అతి చురుకు మూత్రాశయం అంటారు. సిగ్గుతో చాలామంది ఏళ్ల తరబడి బయటకు చెప్పరు. బస్సు ప్రయాణాలు, పెళ్లిళ్లు, పేరంటాలు మానేస్తారు. వయసులో ఉన్నవారికీ ఇది రావచ్చు. చికిత్స ఉంది.

మాత్రకు ముందు చేయాల్సినవి

మాటిమాటికీ మూత్రం రావడానికి కారణాలు చాలా ఉంటాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, అదుపులో లేని షుగరు, ప్రోస్టేట్ గ్రంథి వాపు, మూత్రాశయంలో రాళ్లు వాటిలో కొన్ని. బీపీకి వాడే నీటి మాత్రలు, షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు కూడా మూత్రాన్ని పెంచుతాయి. అందుకే ముందు మూత్ర పరీక్ష, రక్తంలో షుగరు పరీక్ష చేయిస్తారు. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో అవసరమైతే స్కానింగ్‌లో చూస్తారు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కానివారికి దాన్ని సడలించే మాత్ర ఇస్తే మూత్రం పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.

మూడు రోజుల పాటు ఎన్ని గంటలకు, ఎంత నీరు తాగారు, ఎప్పుడు మూత్రానికి వెళ్లారు అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే డాక్టరుకు చాలా ఉపయోగపడుతుంది. టీ, కాఫీలు తగ్గించడం, కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం, వెళ్లే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ మూత్రాశయానికి అలవాటు చేయడం మందులు లేకుండానే కొందరికి మేలు చేస్తాయి. మందులు వాడేవారికీ ఇవి అవసరమే.

రెండు రకాల మందులు

ఈ సమస్యకు వాడే మాత్రలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో ఆక్సీబ్యుటినిన్, టాల్టెరోడిన్, సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్ ఉన్నాయి. మూత్రాశయాన్ని బిగుసుకోమని నాడులు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా సంకేతం పంపుతాయి. ఈ మందులు ఆ సంకేతాన్ని అడ్డుకుంటాయి. అయితే అదే రసాయనం లాలాజల గ్రంథుల్లో, పేగుల్లో, కంట్లో, చెమట గ్రంథుల్లో, మెదడులో కూడా పనిచేస్తుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మగత, తికమక కలగడానికి కారణం అదే. కొన్ని రకాల నీటికాసుల వ్యాధి ఉన్నవారికి, మూత్రం బిగుసుకుపోయే సమస్య ఉన్నవారికి ఇవి పనికిరావు. ఆ సంగతి డాక్టరు అడగకపోయినా మనమే చెప్పాలి.

రెండో రకంలో ప్రధానమైనది మిరాబెగ్రాన్. అమెరికాలో 2012లో దీనికి అనుమతి వచ్చింది. ఇది మరో దారిలో మూత్రాశయ కండరాన్ని సడలిస్తుంది కాబట్టి నోరు ఎండడం, మలబద్ధకం తక్కువ. కానీ బీపీని పెంచగలదు. పై సంఖ్య 180 గానీ, కింది సంఖ్య 110 గానీ దాటి అదుపులో లేనివారు దీన్ని వాడకూడదు. మిగతావారు మొదలుపెట్టే ముందు, తర్వాత కూడా బీపీ చూపించుకుంటూ ఉండాలి. గుండె జబ్బుకు, బీపీకి వాడే మెటోప్రొలాల్ స్థాయిని ఇది రక్తంలో పెంచుతుంది. డిగాక్సిన్ వాడేవారికీ జాగ్రత్త అవసరం. మూత్రపిండాలు, కాలేయం బాగా దెబ్బతిన్నవారికి ఈ రెండు రకాల్లోనూ మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

కలిస్తే పెరిగే భారం

ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే గుణం మూత్రాశయం మాత్రలకే పరిమితం కాదు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, కాళ్ల మంటలకు, నిద్రకు రాసే అమిట్రిప్టిలిన్, వణుకుకు వాడే ట్రైహెక్సిఫెనిడిల్ కూడా అదే పని చేస్తాయి. మనం ఊహించుకున్న తల్లి తెలియకుండానే ఇలాంటివి మూడు వాడుతున్నారు. మూడింటి ప్రభావం ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది.

అమెరికాలో 65 ఏళ్లు దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించిన అధ్యయనం ఒకటి 2015లో వెలువడింది. ఈ తరహా మందులను ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడినవారిలో డిమెన్షియా ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. మందే కారణమని దీనితో రుజువు కాలేదు. అయినా పెద్దవయసువారికి ఇవి రాసేటప్పుడు ఆచితూచి రాయాలన్న జాగ్రత్త వైద్యుల్లో పెరిగింది. మతిమరుపుకు వాడే డోనెపెజిల్ విషయం ఇంకా చిక్కు. అది ఎసిటైల్‌కోలిన్‌ను పెంచి కొందరిలో మూత్రం ఒత్తిడి తెస్తుంది. దాన్ని తగ్గించడానికి మొదటి రకం మాత్ర వేస్తే రెండు మందులూ ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయి.

మందు ఒకటే, పేర్లు రెండు

మన దేశంలో ఒకే మందును అనేక కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతాయి. విశాఖలో రాసిన మాత్ర, కోల్‌కతాలో రాసిన మాత్ర పేర్లు వేరైనా లోపల ఉన్నది సోలిఫెనాసినే కావచ్చు. అప్పుడు మోతాదు రెట్టింపవుతుంది. అట్ట మీద కంపెనీ పెట్టిన పేరును కాకుండా మందు అసలు పేరునూ, మిల్లీగ్రాములనూ చూడాలి. చదవడం రానివారు షాపులో ఫార్మసిస్టుకు పాత అట్టలన్నీ చూపించి, ఇందులో ఒకటే మందు రెండుసార్లు ఉందా అని అడగాలి. భాష రాకపోయినా అట్ట చూపిస్తే చాలు.

చీటీ లేనిదే కొన్ని మందులు అమ్మరాదన్న నియమానికి కోల్‌కతాతో సంబంధం ఉంది. మందుల నాణ్యతపై 1930లో నియమించిన విచారణ సంఘానికి కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో ఫార్మకాలజీ ఆచార్యుడు రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షత వహించారు. ఆ సంఘం సిఫార్సుల నుంచే 1940 నాటి మందుల చట్టం వచ్చింది. నేడు అట్ట మీద కనిపించే ఎర్రటి నిలువు గీత, డాక్టరు చీటీ మీదనే వాడాలన్న హెచ్చరిక ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల వల్లనే. పక్కింటివారికి పనిచేసిందని అదే మాత్ర అడిగి కొనడం ఆ హెచ్చరికను పక్కన పెట్టడమే.

ఎండల్లో మరో జాగ్రత్త

2024 ఏప్రిల్ 30న కోల్‌కతాలో 43 డిగ్రీల ఎండ కాసింది. మొదటి రకం మాత్రలు చెమటను తగ్గిస్తాయి. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు, వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. మూత్రం వస్తుందన్న భయంతో నీళ్లు తాగడం మానేస్తే ముప్పు ఇంకా ఎక్కువ. పైగా చిక్కబడ్డ మూత్రం మూత్రాశయాన్ని రేపుతుంది, మలబద్ధకం పెరుగుతుంది. పగలు కొద్దికొద్దిగా తాగుతూ, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించడం మంచిది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి.

రోజూ గుర్తుంచుకోవలసినవి

నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలను నమలకూడదు, నూరకూడదు, విరిచి సగం వేసుకోకూడదు. అలా చేస్తే రోజంతా కరగాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. ఒక పూట మరిచిపోతే మరుసటి రోజు రెండు వేసుకోవద్దు. పూర్తి గుణం తెలియడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు కాబట్టి వారానికే మానేయవద్దు, మోతాదూ పెంచవద్దు. మగతగా, మసకగా ఉంటే బండి నడపవద్దు.

మూత్రం అసలు రాకుండా పొత్తికడుపు ఉబ్బి నొప్పి పుట్టినా, పెదవులు, నాలుక, ముఖం వాచినా, కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి తికమకపడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దుష్ప్రభావాలను రోగులు, ఇంట్లోవాళ్లు కూడా తెలియజేయవచ్చు. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మాకోపియా కమిషన్ ఆధ్వర్యంలో నడిచే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది. 1800-180-3024 దాని ఉచిత ఫోన్ నంబరు.

ఇక ఆ తల్లి సంగతికి వస్తే, ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు చేయగల పని కష్టమైనదేమీ కాదు. ఊరి చీటీ, కోల్‌కతా చీటీ, షాపులో అడిగి తెచ్చిన మాత్రలు, ఆయుర్వేద చూర్ణాలు అన్నీ ఒకే సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టాలి. మాత్రలను సొంతంగా ఆపేయకుండా, ఏది ఉంచాలో, ఏది మార్చాలో ఆయన్నే చెప్పమనాలి. ఆమె తికమక వయసు వల్ల వచ్చిందో, మాత్రల వల్ల వచ్చిందో తేలేది అప్పుడే. మాత్రల వల్ల అయితే వాటిని సరిచేస్తే తగ్గే అవకాశం ఉంది.