బటన్ల గోదాలో తొలి పట్టు

తెర మీద ఇద్దరు యోధులు. చేతిలో నాలుగో, ఆరో బటన్లు. ఎదుటివాడి బలం సున్నా అయ్యేదాకా కొట్టాలి. ఫైటింగ్ గేమ్ గురించి చెప్పాలంటే ఇంతే. ఆడటానికి కూర్చుంటే మాత్రం చుక్కలు కనిపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టినవారు వారం తిరక్కుండానే 'ఇది మనవల్ల అయ్యే పని కాదు' అని పక్కన పడేయడం మామూలే. చేతిలో వేగం లేకపోవడం దీనికి కారణం కాదు. ఏది ముందు, ఏది వెనుక నేర్చుకోవాలో తెలియకపోవడమే అసలు చిక్కు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో మాట్లాడే పిల్లలకు ఈ ఆటలోని ఇంగ్లిషు మాటలు మరో అడ్డంకి. నిజానికి ఆ మాటల వెనుక ఉన్నదంతా మన కుస్తీ గోదాలో ఎప్పటినుంచో ఉన్నదే.

టోకెన్ల కాలం నుంచి...

జపాన్ సంస్థ క్యాప్‌కామ్ 1987లోనే 'స్ట్రీట్ ఫైటర్' తెచ్చినా, జనం వెర్రెత్తిపోయింది 1991లో వచ్చిన రెండో భాగంతోనే. ఒక దెబ్బ తగిలినవాడు తేరుకునేలోగా ఇంకో దెబ్బ కలపడాన్ని 'కాంబో' అంటారు. అది తయారీదారులు కావాలని పెట్టింది కాదు. అనుకోకుండా బయటపడితే తీసేయకుండా ఉంచేశారు. తర్వాత అదే ఈ ఆటలన్నింటికీ ప్రాణమైంది. 1994లో నామ్కో సంస్థ నుంచి 'టెక్కెన్' వచ్చింది. దాని మూడో భాగాన్ని మన దేశంలోని గేమ్ పార్లర్లలో ఎంతలా ఆడారో ఆ తరంవారికి వేరే చెప్పక్కర్లేదు. ఎడ్డీ అనే పాత్రను తీసుకుని కాళ్ల బటన్లు రెండూ టపటపా కొట్టేస్తే చాలు, పక్కవాడు గోల పెట్టాల్సిందే!

ఆ టపటపలే ఇవాళ్టికీ కొత్తవారిని వెనక్కి లాగుతున్నాయి. గుడ్డిగా బటన్లు నొక్కేవాడు ఒకటి రెండు ఆటలు గెలుస్తాడు. ఎందుకు గెలిచాడో అతనికే తెలియదు. అడ్డు పెట్టడం వచ్చినవాడు ఎదురైతే మాత్రం చేతులెత్తేస్తాడు.

ముందు నిలబడటం

తాలింఖానాలో చేరిన కుర్రాడికి ఉస్తాద్ మొదటిరోజే పట్లు నేర్పడు. కాళ్లు ఎలా ఆనించాలి, ఎంత దూరంలో నిలబడాలి, పడితే ఎలా లేవాలి... ఇవయ్యాకే మిగతావి. ఇక్కడా అంతే. ముందుగా ఒక్క పాత్రను ఎంచుకోవాలి. నచ్చినా నచ్చకపోయినా నెలరోజులు దాన్నే పట్టుకోవాలి. స్ట్రీట్ ఫైటర్‌లో ర్యూ అందుకు బాగా పనికొస్తాడు. దూరం నుంచి విసిరే నిప్పుబంతి, గాల్లోకి ఎగిరి వచ్చేవాణ్ని కొట్టే గుద్దు, దగ్గర దెబ్బలు... ఆటకు కావాల్సిన పనిముట్లన్నీ అతని దగ్గర ఉన్నాయి. టెక్కెన్‌లో లెక్క ఇంకా తేలిక. నాలుగు బటన్లు నాలుగు అవయవాలు: ఎడమచెయ్యి, కుడిచెయ్యి, ఎడమకాలు, కుడికాలు.

పాత్రను ఎంచుకున్నాక ఎదుటివాడి కాలు ఎంత దూరం అందుతుందో, మన చెయ్యి ఎంత దూరం వెళ్తుందో సాధన గదిలో చూసుకోవాలి. అంటే 'ట్రైనింగ్ మోడ్'లో అన్నమాట. అక్కడ ఎదుటి బొమ్మ కదలదు, మెదలదు. పది నిమిషాలు ముందుకూ వెనక్కూ నడిచి చూసినా వృథా కాదు.

దెబ్బ, అడ్డు, పట్టు

ఆట మొత్తం ఈ మూడు ముక్కల చుట్టే తిరుగుతుంది. దెబ్బను అడ్డు ఆపుతుంది. అడ్డు పెట్టుకుని కూర్చున్నవాణ్ని పట్టు పట్టి పడేయొచ్చు. పట్టుకోవడానికి వచ్చేవాణ్ని దెబ్బతో చెడగొట్టొచ్చు. పిల్లలాడే రాయి, కాగితం, కత్తెర లాంటిదే.

అడ్డు పెట్టడానికి స్ట్రీట్ ఫైటర్‌లో వెనక్కి నొక్కి పట్టుకుంటే చాలు. కాళ్ల మీదికి వచ్చే దెబ్బను కూర్చుని ఆపాలి. నెత్తిమీద నుంచి దిగే దెబ్బను నిలబడి ఆపాలి. కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మొదట్లో కూర్చుని అడ్డు పెట్టడమే అలవాటు చేసుకుని, ఎదుటివాడు ఎగిరినప్పుడు మాత్రం లేస్తే సగం దెబ్బలు తప్పుతాయి.

అడ్డు పెట్టినంత మాత్రాన పని అయిపోలేదు. పెద్ద దెబ్బ విసిరి తప్పిపోయినవాడు ఓ క్షణం ఒళ్లు అప్పగించి ఉంటాడు. ర్యూ గాల్లోకి ఎగిరి కొట్టే 'షోర్యుకెన్'ను ఆపామంటే, అతను కిందికి దిగేదాకా ఏమీ చేయలేడు. అప్పుడు తిరగబడాలి. కొత్తవారు తమంతట తాము గెలిచామని తొలిసారి అనుకునేది ఇలాంటి చోటే.

అంకెలకు ఎల్లలు లేవు

నిప్పుబంతి వేయాలంటే కిందికి, కింద మూలకి, ముందుకి దొర్లించి గుద్దు నొక్కాలి. దీన్ని ఆటగాళ్లు 236 అని రాసుకుంటారు. కంప్యూటర్ కీబోర్డు కుడిపక్కన ఉండే అంకెల గడులు చూస్తే సంగతి ఇట్టే తెలిసిపోతుంది. నడుమ 5 అంటే ఊరకే ఉండటం, 2 కిందికి, 8 పైకి, కుడివైపు చూస్తున్న పాత్రకు 6 ముందుకి, 4 వెనక్కి. షోర్యుకెన్ అయితే 623. బళ్లారి కుర్రాడికైనా, బరంపురం కుర్రాడికైనా, జపాన్ ఆటగాడికైనా ఇవే అంకెలు. భాష రాదన్న బెంగ ఇక్కడ అక్కర్లేదు.

చెయ్యి తిరగకపోతే మరో దారి కూడా ఉంది. 2023 జూన్‌లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో 'మోడర్న్' పద్ధతి పెట్టారు. ఒకే ఒక్క బటన్‌తో నిప్పుబంతి వచ్చేస్తుంది. అలా కొడితే దెబ్బ బలం కొంత తగ్గుతుంది. మొదట్లో దాంతో ఆడటం నామోషీ ఏమీ కాదు.

కంటికి అందనిది

ఈ ఆటలు సెకనుకు 60 బొమ్మల చొప్పున నడుస్తాయి. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. స్ట్రీట్ ఫైటర్ 6లో అన్నింటికన్నా వేగమైన చిన్న గుద్దు 4 ఫ్రేములకు తగులుతుంది. టెక్కెన్‌లో 10 ఫ్రేములు. మనిషి కన్ను చూసి, చెయ్యి కదిలేసరికి సుమారు పావు సెకను, అంటే దాదాపు 15 ఫ్రేములు పడుతుంది. కాబట్టి చిన్న గుద్దును చూసి ఆపడం ఎవరివల్లా కాదు, ముందే ఊహించాలి. స్ట్రీట్ ఫైటర్‌లో ఎగిరి దూకేవాడు మాత్రం సుమారు ముప్పావు సెకను గాల్లోనే ఉంటాడు. వాణ్ని చూసి కొట్టొచ్చు. అందుకే 'ఎగిరితే కొట్టు' అన్నది మొదట సాధించాల్సిన విద్య.

ఓడినప్పుడు...

వేసవి సెలవులకు అనంతపురం నుంచి బావ వస్తాడు. వరసగా పది ఆటలు గెలుస్తాడు. 'ఒక్కటైనా గెలవనీ బావా' అని ఇవతలివాడు కంట నీళ్లు పెట్టుకుంటాడు, లేదంటే కంట్రోలర్ విసిరేస్తాడు. చాలా ఇళ్లలో ఆట ఆగిపోయేది ఇక్కడే. బావ కావాలని ఓడిపోతే చిన్నవాడికి ఒరిగేదేమీ ఉండదు. 'నువ్వు లేవగానే బటన్ నొక్కుతున్నావురా, అందుకే తగుల్తోంది. ఈసారి అడ్డు పెట్టి చూడు' అని ఒక్కమాట చెబితే మాత్రం పదకొండో ఆట మారిపోతుంది.

గెలుపోటముల లెక్క పక్కన పెట్టి, పూటకు ఒక్కటే గురి పెట్టుకోవాలి. ఇవాళ ఎగిరినవాణ్ని మూడుసార్లు కొట్టానా? అంతే. ఓడిన ఆటను రీప్లేలో చూసుకుంటే ఏ దెబ్బకు పదేపదే దొరికిపోతున్నామో తెలుస్తుంది.

ఉద్దండులకూ ఇది తప్పలేదు. 2004 ఈవో పోటీల్లో జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా చావు అంచున నిలిచి, జస్టిన్ వాంగ్ వేసిన 15 దెబ్బలనూ వరసగా తిప్పికొట్టిన ఘట్టం నేటికీ చెప్పుకుంటారు. ఆ పోటీ ఫైనల్లో మాత్రం ఆయన ఓడిపోయి రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

ఇరుగుపొరుగే గురువులు

2019లో లాహోర్ కుర్రాడు అర్సలాన్ యాష్ జపాన్‌లోనూ, అమెరికాలోనూ టెక్కెన్ 7 ఈవో టైటిళ్లు గెలిచి అందరినీ నివ్వెరపరిచాడు. మా దేశంలో నాకు దీటైనవాళ్లు ఇంకా ఉన్నారని అప్పట్లోనే చెప్పాడు. ఊళ్లో ఒకరితో ఒకరు తలపడుతూ ఎదిగినవాళ్లు వాళ్లంతా. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 బంగారు పతకం నెగ్గిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూ వయసు 44 ఏళ్లు. మన దేశం తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ అదే పోటీలో పాల్గొన్నారు. పతకం రాలేదు గానీ, మన జట్టు అక్కడిదాకా వెళ్లింది.

తోడుగా ఆడేవాళ్లు నలుగురు దొరికితే వారానికి ఒకరోజు ఒకచోట కూర్చుని ఆడటం మేలు. దూరాన ఉన్నవారితో ఆన్‌లైన్‌లో ఆడాల్సివస్తే వైఫై కన్నా తీగ కనెక్షన్ నయం.

అమ్మానాన్నలకు...

'చదువు మానేసి ఈ కొట్టుకునే ఆటలేంట్రా' అన్న కోపం సహజమే. స్ట్రీట్ ఫైటర్ 6, టెక్కెన్ 8 ఆటలకు అమెరికా రేటింగ్ సంస్థ 'టీన్', అంటే 13 ఏళ్లు పైబడినవారికి అన్న గుర్తు ఇచ్చింది. మోర్టల్ కాంబాట్ 17 దాటినవారికే. అట్టమీద ఆ గుర్తు చూసి కొనివ్వాలి. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలు వేరు. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం వాటిని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. మణికట్టు నొప్పి పుడితే ఆట ఆపించాలి. గంటల తరబడి ఆడే ఒక్క ఆదివారం కన్నా రోజుకు అరగంట మేలు.

మొదటి నెల ఇలా...

* తొలి వారం: ఒక్క పాత్ర. నడక, దూరం, కూర్చుని అడ్డు.

* రెండో వారం: ఎగిరివచ్చేవాణ్ని కొట్టే ఒక్క దెబ్బ. కుడివైపు నుంచి పది, ఎడమవైపు నుంచి పది.

* మూడో వారం: రెండు మూడు దెబ్బల చిన్న కాంబో ఒకటి. అడ్డు పెట్టాక దాంతోనే బదులు.

* నాలుగో వారం: మనుషులతో ఆటలు. ఓడిన ప్రతి ఆటకూ ఒక కారణం నోటు పుస్తకంలో రాసుకోవాలి. నెలాఖరున చూస్తే ఒకే కారణం చాలాసార్లు కనిపిస్తుంది. రెండో నెల దాంతోనే మొదలుపెట్టాలి.