ప్రసార వీడియో ఫైళ్ళ మెటాడేటా

ప్రసార వీడియో ఫైళ్ళ మెటాడేటా అనగా టెలివిజన్ ప్రసారానికి సిద్ధపరచిన వీడియో ఫైలులో దృశ్యం, ధ్వనితో పాటు భద్రపరచే వివరణ సమాచారం. తెరపై బొమ్మ వెడల్పు ఎత్తుల నిష్పత్తి ఎంత, సెకనుకు ఎన్ని ఫ్రేములు, రంగులను ఏ సూత్రం ప్రకారం అంకెలుగా మార్చారు మొదలైన విషయాలను ఇది తెలుపుతుంది. కార్యక్రమం పేరు, తేదీ వంటి వివరాలు కూడా మెటాడేటాయే. వాటిలో పొరపాటు జరిగితే ఫైలును వెదకడం కష్టమవుతుంది గాని బొమ్మ చెడదు. సాంకేతిక మెటాడేటాలో పొరపాటు జరిగితే బొమ్మే తప్పుగా కనిపిస్తుంది. ఈ వ్యాసం సాంకేతిక మెటాడేటాను గురించి వివరిస్తుంది.

అవసరం

వీడియో ఫైలులో ఉండేవి బొమ్మలు కావు, అంకెలు. ఆ అంకెలను ఎలా చదవాలో చెప్పేది మెటాడేటా. భూపటం క్రింద స్కేలు తప్పుగా ముద్రిస్తే పటంలోని గీతలు సరిగానే ఉన్నా కొలిచిన దూరాలన్నీ తప్పుతాయి. వీడియోలోనూ అంతే. మెటాడేటా మార్చినంత మాత్రాన లోపలి అంకెలు మారవు. వాటిని చదివే తీరు మారుతుంది. కాబట్టి తప్పుడు మెటాడేటాను సరిదిద్దవచ్చును. అయితే ఆ తప్పును నమ్మి ఫైలును మరొక రూపంలోకి మారిస్తే, తప్పు అంకెలలోకే చేరుతుంది. పాత కార్యక్రమాలను డిజిటల్ రూపంలో భద్రపరచేవారికి ఈ భేదం చాలా ముఖ్యం.

చూపు నిష్పత్తి

1982లో వెలువడిన బీటీ.601 ప్రమాణం ప్రకారం గీతకు 720 బిందువులు ఉంటాయి. భారతదేశం అనుసరించిన 625 గీతల పాల్ పద్ధతిలో బొమ్మకు ఉపయోగపడే గీతలు 576. అందువల్ల ఆ కాలపు దూరదర్శన్ తెలుగు కార్యక్రమాల టేపులను ఈ ప్రమాణం ప్రకారం ఫైళ్ళుగా మార్చినప్పుడు బొమ్మ కొలత 720×576 అవుతుంది. ఈ బిందువులు చదరపువి కావు. అదే 720×576 బొమ్మను

* 4:3 అని గుర్తిస్తే 768×576గా,
* 16:9 అని గుర్తిస్తే 1024×576గా

చదరపు బిందువుల తెరపై చూపవలెను. 4:3 కార్యక్రమానికి పొరపాటున 16:9 అని వ్రాస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. దీనికి విరుద్ధంగా జరిగితే సన్నగా, పొడవుగా కనిపిస్తారు. ఫిలిప్స్ పీఎం5544 వంటి పరీక్షా చిత్రాల మధ్యలో పెద్ద వృత్తం ఉండటానికి ఒక కారణం ఇదే. వృత్తం కోడిగ్రుడ్డు ఆకారంలో కనిపిస్తే నిష్పత్తి తప్పినట్లు వెంటనే తెలుస్తుంది.

ఫీల్డుల క్రమం

పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి. ఒక్కొక్క ఫ్రేములో రెండు ఫీల్డులు ఉంటాయి. ఒకదానిలో బేసి గీతలు, రెండవదానిలో సరి గీతలు ఉంటాయి. వీటి మధ్య సెకనులో 50వ వంతు కాలభేదం ఉంటుంది. ఏ ఫీల్డు ముందుదో మెటాడేటా చెప్పవలెను. 1080 గీతల ఇంటర్‌లేస్డ్ హెచ్‌డీ ప్రసారాలలో పై ఫీల్డు ముందు వస్తుంది. డీవీ టేపులలో క్రింది ఫీల్డు ముందు వస్తుంది.

క్రమం తారుమారైతే 1, 2, 3, 4 అని రావలసిన క్షణాలు 2, 1, 4, 3 అని వస్తాయి. కదిలే వస్తువు ముందుకు, వెనుకకు ఊగినట్లు కనిపిస్తుంది. కదలని దృశ్యంలో ఈ దోషం కనిపించదు. అందువల్ల పరీక్షించేటప్పుడు ఆటల దృశ్యాలు, తెర అడుగున జరిగే అక్షరాల పట్టీ వంటివి చూడవలెను.

రంగుల సమాచారం

రంగుల వివరణలో ప్రాథమిక వర్ణాలు, కాంతి మార్పిడి వక్రరేఖ, మాత్రిక, అంకెల పరిధి అని నాలుగు అంశాలు ఉంటాయి.

మాత్రిక: కెమేరా ఇచ్చిన ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను ఒక వెలుగు విలువగా, రెండు రంగు భేదాలుగా మార్చే సూత్రం. వెలుగు విలువలో ఆకుపచ్చ వాటా బీటీ.601లో 0.587. హెచ్‌డీకి వాడే బీటీ.709లో 0.7152. 709తో చేసిన ఫైలును 601తో చదివితే ఎరుపు మందగిస్తుంది, ఆకుపచ్చ హద్దు మించి వెలుగుతుంది. మనుషుల ముఖాల రంగు కూడా మారుతుంది.

అంకెల పరిధి: 8 బిట్ల ప్రసార వీడియోలో 16 నలుపును, 235 తెలుపును సూచిస్తాయి. కంప్యూటరు చిత్రాలలో సాధారణంగా ఇవి 0, 255. ప్రసార వీడియోను పూర్తి పరిధిదిగా చదివితే నలుపు బూడిద రంగుగా మారి, బొమ్మ వెలసినట్లుంటుంది. పూర్తి పరిధి వీడియోను పరిమిత పరిధిదిగా చదివితే నీడలలోని వివరాలు నలుపులో కలిసిపోతాయి.

వక్రరేఖ: 2016లో వెలువడిన బీటీ.2100 ప్రమాణంలో పీక్యూ, హెచ్ఎల్‌జీ అని రెండు వక్రరేఖలు ఉన్నాయి. పీక్యూ వీడియోకు ఆ గుర్తు లేకపోతే సాధారణ టీవీలో బొమ్మ పేలవంగా కనిపిస్తుంది. హెచ్ఎల్‌జీని బీబీసీ, ఎన్‌హెచ్‌కే సంస్థలు సాధారణ టీవీలలోనూ కొంతవరకు చక్కగా కనిపించేలా రూపొందించాయి.

టైంకోడ్

ప్రతి ఫ్రేముకూ గంట, నిమిషం, సెకను, ఫ్రేము సంఖ్యలతో ఇచ్చే గుర్తు టైంకోడ్. పాల్‌లో ఇది సులభం. అమెరికాలో వాడే సెకనుకు 29.97 ఫ్రేముల పద్ధతిలో, 30 చొప్పున లెక్కిస్తే గంటకు 108 ఫ్రేముల తేడా వస్తుంది. దీనిని సవరించడానికి ప్రతి నిమిషం మొదట రెండు సంఖ్యలను దాటవేస్తారు. ప్రతి పదవ నిమిషంలో మాత్రం దాటవేయరు. 54 నిమిషాలకు రెండేసి చొప్పున సరిగ్గా 108 అవుతుంది. ఇక్కడ దాటవేసేది సంఖ్యలనే, ఫ్రేములను కాదు. ఏ లెక్క వాడారో ఫైలులో తెలుపకపోతే గంట కార్యక్రమం నిడివిలో 3.6 సెకన్ల పొరపాటు వస్తుంది.

సాధారణంగా జరిగే పొరపాట్లు

* గుర్తు లేకపోవడం: రంగుల వివరం లేనప్పుడు అనేక సాఫ్ట్‌వేర్లు బొమ్మ కొలతను చూసి, చిన్నదైతే 601, పెద్దదైతే 709 అని ఊహిస్తాయి. పాత కార్యక్రమాన్ని అంకెలు మార్చకుండా హెచ్‌డీ కొలతకు పెంచితే ఈ ఊహ తప్పుతుంది.
* గుర్తు మాత్రమే మార్చడం: 601 వీడియోకు 709 అని వ్రాసినంత మాత్రాన అది 709 కాదు.
* అంకెలు మార్చి, పాత గుర్తు ఉంచడం: ఇది పై దానికి విరుద్ధమైన దోషం.
* రెండు చోట్ల రెండు మాటలు: మెటాడేటా ఎంఎక్స్ఎఫ్, ఎంపీ4 వంటి ఫైలు పొరలో ఒకసారి, లోపలి హెచ్.264 ప్రవాహంలో మరొకసారి ఉండవచ్చును. ఇవి పొసగకపోతే ఒకే ఫైలు ఒక యంత్రంలో ఒక విధంగా, మరొక దానిలో మరొక విధంగా కనిపిస్తుంది.

సరిదిద్దే పద్ధతి

మొదట మీడియాఇన్ఫో వంటి ఉపకరణంతో ఫైలులో ఏమి వ్రాసి ఉందో చూడవలెను. తరువాత వృత్తం, రంగుపట్టీలు, కదిలే దృశ్యాలతో అది నిజమో కాదో పరీక్షించవలెను. అంకెలు సరిగా ఉండి గుర్తు మాత్రమే తప్పైతే, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి సాఫ్ట్‌వేరుతో తిరిగి ఎన్‌కోడ్ చేయకుండానే అనేక గుర్తులను మార్చవచ్చును. దీనివల్ల బొమ్మ నాణ్యత తగ్గదు. అంకెలే తప్పైతే మూల ఫైలు నుండి మళ్ళీ ఎన్‌కోడ్ చేయవలెను. ఫీల్డుల క్రమం తప్పుగా ఉండగా బొమ్మ కొలత మార్చిన ఫైలులో రెండు ఫీల్డుల గీతలు కలిసిపోతాయి కనుక, దానిని పూర్తిగా విడదీయడం సాధ్యం కాదు. అందువల్ల మార్పిడి సరిగా జరిగిందని నిర్ధారించుకొనే వరకు మూల టేపును గాని, మొదటి ఫైలును గాని తొలగించరాదు.

ఇవి కూడా చూడండి

* దూరదర్శన్
* పాల్
* ఎన్‌టీఎస్‌సీ
* హెచ్.264